ఏసీ ఔట్‌డోర్ యూనిట్ రిపేర్‌కి వచ్చిందా? బిల్డింగ్ మొత్తం ఆపక్కర్లేదు.. కానీ ఈ తప్పు మాత్రం చేయకండి!

మండు వేసవి.. మధ్యాహ్నం రెండు గంటలు. క్లినిక్ నిండా పేషెంట్లు. ఉన్నట్టుండి అన్ని గదుల్లో ఏసీ ఆగిపోయింది, రిమోట్ల మీద ఎర్రర్ కోడ్. టెర్రస్ మీదికెళ్లి చూస్తే రెండు ఔట్‌డోర్ యూనిట్లలో పాడైంది ఒకటే. మరి రెండోది ఎందుకు ఆగింది?

ఇది వీఆర్ఎఫ్ సిస్టమ్ కాబట్టి. జపాన్ కంపెనీ డైకిన్ 1982లో వీఆర్‌వీ పేరుతో తెచ్చిన టెక్నాలజీ ఇది. మిగతా కంపెనీలు వీఆర్ఎఫ్ అంటాయి. ఇందులో ఔట్‌డోర్ యూనిట్లన్నీ ఒకే రాగి పైపులైన్‌కి, ఒకే కమ్యూనికేషన్ వైర్‌కి కలిసి ఉంటాయి. ఒకటి మొరాయిస్తే సేఫ్టీ కోసం అన్నీ ఆగిపోతాయి.

అయితే రెండు, మూడు ఔట్‌డోర్లు కలిపి పెట్టిన చాలా మోడళ్లలో బ్యాకప్ మోడ్ ఉంటుంది. పాడైన యూనిట్‌ను పక్కనపెట్టి మిగతావాటిని నడిపిస్తుంది. కొన్నింటిలో గోడ మీది రిమోట్‌తోనే ఆన్ చేయొచ్చు. కాకపోతే అది తాత్కాలికం, ఒక బ్రాండ్‌లో అయితే 8 గంటలే. అంతకుమించి నడవాలంటే టెక్నీషియన్ బోర్డులో సెట్టింగ్ మార్చాలి. పాడైన యూనిట్ బ్రేకర్‌ను ఆపాలా, ఎప్పుడు ఆపాలి అన్నది ఆ టెక్నీషియనే చెప్పాలి. సొంతంగా ఆపేస్తే కమ్యూనికేషన్ ఎర్రర్ వచ్చి మళ్లీ మొత్తం బంద్ కావచ్చు!

ఇక కూలింగ్ సంగతి. 10 హెచ్‌పీ యూనిట్లు రెండుంటే మొత్తం 56 కిలోవాట్లు, అంటే దాదాపు 16 టన్నులు. ఒకటే నడిస్తే 8 టన్నులు. అన్ని గదులూ ఆన్‌లో పెడితే ఏ గదీ సరిగా చల్లబడకపోవచ్చు. తప్పనిసరి గదులు ఉంచి మిగతావి ఆపేయాల్సిందే.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. వాడని గదిని రిమోట్‌తోనే ఆపాలి, ఎంసీబీ దించకూడదు. ఇండోర్ యూనిట్‌కి కరెంట్ పోతే దాని ఎక్స్‌పాన్షన్ వాల్వ్ తెరిచి ఉన్నది ఉన్నట్టే ఉండిపోవచ్చు. అప్పుడు ఆవిరి కాని గ్యాస్ కంప్రెసర్‌కి చేరే ప్రమాదం ఉంది. అందుకే చాలా సిస్టమ్‌లు వెంటనే ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. 'కరెంట్ మిగులుతుంది కదా' అని ఎంసీబీ దించి, బాగున్న యూనిట్‌నీ ఆపేసుకున్నట్టవుతుంది.

ఫ్యాన్ మోటార్, పీసీబీ పాడైతే బ్యాకప్ బాగా పనికొస్తుంది. గ్యాస్ లీకైతే మాత్రం కుదరదు. పైపులైన్ ఒకటే కాబట్టి లీక్ ఎక్కడున్నా గ్యాస్ మొత్తం సిస్టమ్‌దే పోతుంది. కంప్రెసర్ కాలిపోయినా అంతే.. వాల్వులు మూసి ఆ యూనిట్‌ను వేరు చేశారని టెక్నీషియన్ చెప్పేదాకా మిగతాది ఆన్ చేయొద్దు.

విల్లాల్లో పెట్టే మినీ వీఆర్ఎఫ్‌కి సాధారణంగా ఔట్‌డోర్ ఒక్కటే. బ్యాకప్ మాటే లేదు. సర్వర్ రూమ్, మందుల స్టోర్ లాంటివాటికి విడిగా ఒక స్ప్లిట్ ఏసీ ఉంచుకోవడం మేలు.

రిపేర్ అయిపోగానే స్విచ్ వేసేయాలని తొందరగానే ఉంటుంది. కానీ పవర్ ఇచ్చాక కంప్రెసర్ హీటర్ ఆయిల్‌ను వేడి చేయడానికి టైమ్ కావాలి. కొన్ని కంపెనీలు 6 గంటలు, కొన్ని 12 గంటలు ఆగమంటాయి. అందాకా బ్యాకప్‌లోనే నడపొచ్చా అన్నది టెక్నీషియన్‌ను ముందే అడిగి పెట్టుకోండి.