రాజ్యసభ: నిర్మాణ చరిత్ర

రాష్ట్రపతియు, రాజ్యసభయు, లోక్‌సభయు కలిసి భారత పార్లమెంటగునని రాజ్యాంగపు 79వ అధికరణము నిర్దేశించుచున్నది. వీనిలో లోక్‌సభ కూర్పు సుబోధము: నియోజకవర్గముల వారీగా ప్రజలు నేరుగా ఎన్నుకొనిన 543 మందితో అది ఏర్పడి, అయిదేండ్లు నిండిన పిదపనో, అంతకుముందే రద్దయినచో ఆనాటికో ముగియును. రాజ్యసభ కూర్పు వెనుక మాత్రము సుదీర్ఘమైన తర్జనభర్జన కలదు.

1919 నాటి భారత ప్రభుత్వ చట్టము ననుసరించి 1921లో వెలసిన 60 మంది సభ్యుల కౌన్సిల్ ఆఫ్ స్టేట్ దీనికి పూర్వరూపము. ఓటుహక్కు కొలదిమంది సంపన్నులకే పరిమితమైయుండుటచే అది ప్రజలకు చేరువ కాజాలకపోయెను. రెండవ సభ యొకటి వలయునా యను ప్రశ్న రాజ్యాంగ పరిషత్తున తలయెత్తగా, క్షణికావేశమున పుట్టు శాసనములకు కొంత వ్యవధి కల్పించుటయు, ఎన్నికల రణరంగమున దిగుట కిచ్చగింపని అనుభవజ్ఞుల సలహా దేశమునకు దక్కించుటయు దాని ప్రయోజనములని 1947 జూలైలో ఎన్.గోపాలస్వామి అయ్యంగారు వాదించిరి.

పిమ్మట స్థానముల పంపకము. చిన్న పెద్ద యను భేదము లేక రాష్ట్రములన్నింటికిని సమసంఖ్య నొసగు అమెరికా సెనేటు పద్ధతిని మనవారు గ్రహింపక, జనాభాలో మొదటి 50 లక్షల వఱకు పది లక్షలకొకటియు, ఆపైన ఇరువది లక్షలకొకటియు చొప్పున లెక్క కట్టిరి. నేడు ఉత్తరప్రదేశమునకు 31 స్థానములుండగా సిక్కిమునకొక్కటియే కలదు. అయినను పెద్ద రాష్ట్రముల పైచేయిని కొంతవఱకైనను తగ్గించిన ఈ లెక్క న్యాయమైనదే యనవలెను. ఈ సభ్యులను శాసనసభలకు ఎన్నికైన ప్రతినిధులు, బదిలీకి వీలుగల ఒకే ఓటుతో ఎన్నుకొందురు. సాహిత్య, విజ్ఞాన, కళా, సమాజసేవా రంగములనుండి 12 మందిని రాష్ట్రపతి నామనిర్దేశము చేయును. 1952లో సత్యేంద్రనాథ్ బోసు, రుక్మిణీదేవి అరండేల్, పృథ్వీరాజ్ కపూర్‌లును, 1997లో మన సి.నారాయణరెడ్డిగారును ఇట్లు వచ్చినవారే. తొలుత 216గా నుండిన సభ్యసంఖ్య నేడు 245. గరిష్ఠ పరిమితి 250.

1952 మే 13న సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన తొలిసారి సమావేశమైన ఈ సభకు రాజ్యసభ యను పేరు 1954 ఆగస్టులో స్థిరపడెను. దీనికి రద్దు లేదు. సభ్యుల పదవీకాలము ఆరేండ్లు, రెండేండ్లకొకమారు మూడవవంతు మంది విరమింతురు. అయితే తొలి సభ్యులందఱును ఒకేమారు వచ్చినవారగుటచే, రెండేండ్లకు దిగిపోవువారెవరు, నాలుగేండ్లకు దిగిపోవువారెవరు, పూర్తికాలముండువారెవరు అను చిక్కు పొడసూపగా చీట్లు తీసి తేల్చిరి. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు గల 18 స్థానములు ఆంధ్రప్రదేశమునకు 11, తెలంగాణమునకు 7గా విభక్తమైనపుడును అట్లే మే 30న సభాధ్యక్షుడు చీట్లు తీయగా, ఆంధ్రప్రాంతమువారు కొందఱు తెలంగాణ సభ్యులుగను, తెలంగాణమువారు కొందఱు ఆంధ్రప్రదేశ సభ్యులుగను మిగిలిన పదవీకాలము నడపిరి.