వరి నారు ఉప్పును తట్టుకొనే విధానం: కణస్థాయి వివరాలు

వరి పైరు అన్ని దశలలోను ఉప్పుకు ఒకే విధంగా లొంగదు. మొలకెత్తే సమయంలో కొంతవరకు తట్టుకొంటుంది. లేత నారు దశలోను, తిరిగి పొట్ట, పూత దశలలోను మిక్కిలి సున్నితంగా ఉంటుంది. సంతృప్త మట్టి సారపు విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే దిగుబడి తగ్గనారంభిస్తుంది.

హాని రెండు అంచెలలో జరుగుతుంది. వేరు చుట్టూ లవణ గాఢత పెరిగినందున మడి నిండా నీరున్నా మొక్క పీల్చుకొనలేదు; ఎదుగుదల వెంటనే మందగిస్తుంది. కొన్ని రోజులకు సోడియం ఆకులకు చేరి, పొటాషియం చేయవలసిన పనులకు అడ్డుపడుతుంది. ముదురు ఆకులు ముందుగా కొనల నుండి ఎండడం ఇందువల్లనే.

సోడియం పెరగగానే వేరు కణాలలో కాల్షియం స్థాయి మారుతుంది. ఎస్‌ఓఎస్‌3 అనే ప్రోటీను ఈ సంకేతాన్ని గ్రహించి ఎస్‌ఓఎస్‌2ను చైతన్యపరుస్తుంది. అది కణత్వచంలోని ఎస్‌ఓఎస్‌1 ద్వారా సోడియంను వెలుపలికి పంపిస్తుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడోప్సిస్ మొక్కలో మొదట గుర్తించిన ఈ మార్గం వరిలోనూ ఉన్నది. కణంలో మిగిలిన సోడియంలో కొంత ఎన్‌హెచ్‌ఎక్స్ ప్రోటీన్ల ద్వారా రిక్తికలలోకి చేరుతుంది.

వరికి సంబంధించి అంతకంటె కీలకమైన అంశం, వేరు నుండి ఆకుకు వెళ్లే సోడియంను దారిలోనే ఆపడం. పశ్చిమ బెంగాల్ దేశవాళీ వరి నోనా బోక్రా నుండి ఎస్‌కేసీ1 జన్యువును వేరుచేసినట్లు 2005లో ప్రచురితమైంది. దారువులో ప్రవహించే సోడియంను వెనుకకు లాగే ప్రోటీనుకు ఈ జన్యువు ఆధారం. కేరళ పొక్కాలి వరిలో గుర్తించిన సాల్టాల్ భాగం కూడా ఇదే ఒకటవ క్రోమోజోముపై ఉన్నది. శాస్త్రం పేరు పెట్టకముందే తీరప్రాంత రైతులు ఈ గుణాన్ని కాపాడుకొంటూ వచ్చారన్నది గమనార్హం.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 వేరొక మార్గానిది. మార్టేరు పరిశోధనా కేంద్రం రూపొందించిన ఎం.టి.యు. 1010 (కాటన్‌దొర సన్నాలు) రకంలో, పత్రరంధ్రాలు మూసుకొనకుండా నిరోధించే డీఎస్‌టీ జన్యువును సవరించి దీనిని తయారుచేశారు. అయితే కణంలో కనిపించే మార్పు పొలంలో అంతే మేర దిగుబడిగా మారుతుందని భావించరాదు. దానికి పలు ప్రాంతాలలో, పలు కాలాలలో పరీక్షలు అవసరం.

వార్తలలో తరచు కలిసిపోయే రెండు పదాలను వేరుగా చూడాలి. పాల చౌడు అంటే లవణ నేల. మంచినీరు పెట్టి, మురుగు తీసి ఉప్పును కడగాలి. జిప్సం అవసరమయ్యేది కారు చౌడుకు. పాల చౌడులో లేత నారుకు బదులు ముదురు నారును, కుదురుకు మొక్కల సంఖ్య పెంచి నాటడం మేలు.