వీడియో మీద కనిపించని సుంకం

సాయంత్రం హైదరాబాద్ గోపన్‌పల్లిలో ఏ హాస్టల్ గదిలోకి తొంగిచూసినా ఎవరో ఒకరు ఫోన్‌లో పాఠమో సినిమానో చూస్తుంటారు. కుదించకుండా పంపితే ఫుల్ హెచ్‌డీ బొమ్మకు సెకనుకు దాదాపు 150 మెగాబైట్లు కావాలి. వీడియోను కుదించే కోడెక్ ఆ బరువు తగ్గిస్తుంది. మాస్టారి వెనకున్న బోర్డు కదలదు కనుక దాన్ని మళ్లీ మళ్లీ పంపదు. కదిలిన చేతినీ పెదవినీ పంపుతుంది. ఇలాంటి ఉపాయాల చుట్టూ వందల పేటెంట్లున్నాయి.

2003 మే 20న మన పేటెంట్ల చట్టంలో 3(కె) నిబంధన అమల్లోకి వచ్చింది. కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ అయినదానికి పేటెంటు లేదంది. అదే నెలాఖరున హెచ్.264 అనే వీడియో కోడెక్ ప్రమాణానికి అంతర్జాతీయ ఆమోదం దొరికింది. ఆ డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టింది. ఈ మూడింటి దారులూ తర్వాత కలిశాయి.

హెచ్.264 పేటెంట్లను ఎంపెగ్ ఎల్‌ఏ అనే సంస్థ ఒక మూటగా కట్టి లైసెన్సులిచ్చేది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా రుసుము కట్టగలదేమో. కానీ ఫైర్‌ఫాక్స్ కోడ్ తీసుకుని మార్చి పంచేవాళ్లకు ఆ లైసెన్సు వర్తించదు. మన దగ్గర అలాంటివాళ్లున్నారు: 2005లో హైదరాబాద్‌లో మొదలైన ‘స్వేచ్ఛ’ లినక్సును తెలుగులోకి తెచ్చి పంచింది. అందుకే 2009 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3.5 రుసుము లేని థియోరా కోడెక్‌ను ఎంచుకుంది. ఆన్2 సంస్థ 2001లో అందరికీ వదిలేసిన వీపీ3 దాని మూలం. 2010లో గూగుల్ ఆన్2ను కొని వీపీ8ను ఉచితం చేసింది. 2011 జనవరిలో తన క్రోమ్ బ్రౌజర్ నుంచి హెచ్.264 తీసేస్తామని ప్రకటించింది, తీయలేదు. ఫోన్ల చిప్‌లలో అప్పటికే హెచ్.264 పాతుకుపోయింది. 2012లో మొజిల్లా కూడా తలొగ్గింది.

2013 అక్టోబరులో సిస్కో ఒక దారి చూపింది. తన హెచ్.264 కోడ్‌ను బయటపెట్టి, తానే కంపైల్ చేసిన ప్రతికి రుసుము తానే కడతానంది. 2014లో ఫైర్‌ఫాక్స్ 33 వీడియో కాల్స్ కోసం దాన్ని తీసుకుంది. సాయం పెద్దదే, మెలికా పెద్దదే. అదే కోడ్‌ను గచ్చిబౌలిలో మరొకరు కంపైల్ చేసి పంచితే సిస్కో కట్టిన రుసుము వాళ్లను కాపాడదు. చదవనిచ్చి పంచనివ్వని కోడ్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనడానికి నాకు మనసొప్పదు.

3(కె) మనల్ని కాపాడదా అని అడగొచ్చు. 2004 డిసెంబరు ఆర్డినెన్సు ఆ నిబంధనను సడలించబోయింది. 2005లో పార్లమెంటు సడలింపును తిరస్కరించింది. అది విలువైన గెలుపు. అయినా ‘కేవలం’ అన్న మాట దగ్గర సందు మిగిలింది. ప్రోగ్రామ్‌గా రాని హక్కు పరికరంగా వస్తుంది. 2018 జులైలో ఢిల్లీ హైకోర్టు డీవీడీ ప్లేయర్ల కేసులో ఫిలిప్స్ డీకోడింగ్ పరికరపు పేటెంటును నిలబెట్టి, ప్లేయర్లు బిగించేవాళ్లు రాయల్టీ చెల్లించాలంది.

హెచ్.264 పేటెంట్లు ఒక్కొక్కటిగా గడువు తీరిపోతున్నాయి. దాని వారసుడు హెచ్‌ఈవీసీకి ఒకటికి మించి లైసెన్సు మూటలు వచ్చాయి. ఆ చిక్కు పడలేక గూగుల్, మొజిల్లా, సిస్కో, నెట్‌ఫ్లిక్స్ వంటివి 2015లో చేతులు కలిపి, 2018 మార్చిలో రుసుము లేని ఏవీ1ను విడుదల చేశాయి.

వికీపీడియా బొమ్మలూ వీడియోలూ దాచుకునే వికీమీడియా కామన్స్ మాత్రం రుసుము లేని కోడెక్‌లే కావాలన్న మొదటి మాటమీదే ఉంది. హెచ్.264 వీడియోను మోసే ఎంపీ4 ఫైళ్లను అనుమతించాలన్న ప్రతిపాదనను 2014లో సభ్యులు తిరస్కరించారు. గోపన్‌పల్లిలో ఒకరు బోనాల ఊరేగింపును ఫోన్‌లో తీసి తెలుగు వికీపీడియా వ్యాసంలో పెట్టాలనుకుంటే, ముందు దాన్ని వెబ్‌ఎమ్ వంటి రుసుము లేని రూపంలోకి మార్చాలి. పాత ల్యాప్‌టాప్‌పై రెండు నిమిషాల వీడియోకి చాలాసేపే పడుతుంది. ఆ ఓపిక ఉన్నవాళ్లు మార్చి ఎక్కిస్తున్నారు.