అసంపూర్తి ప్రజా నిర్మాణాలు

ప్రజల సొమ్ముతోనో, ప్రజావసరం పేరుతోనో మొదలై, తలపెట్టిన రూపానికి రాకముందే పని ఆగిపోయిన కట్టడాలు. గుళ్లు, గోపురాలు, మసీదులు, కాలువలు, బడి భవనాలు, ఆసుపత్రులు, రాజధాని నగరాలు అన్నీ ఈ కోవలోకి వస్తాయి. కట్టిన తర్వాత కూలినవి, కాలవశాన శిథిలమైనవి ఇందులో చేరవు. పనితనం చాలక ఆగిపోయిన కట్టడాలు చరిత్రలో తక్కువే. ఫ్రాన్సులోని బోవే చర్చి వాటిలో ప్రసిద్ధమైనది. అక్కడ 1284లో కప్పు, 1573లో శిఖరం కూలాయి, ముందు భాగం ఇప్పటికీ లేదు. మిగతావాటిలో ఎక్కువగా కనిపించే కారణాలు వేరు: పని వెనక నిలబడ్డ మనిషి పోవడం, ఖజానా ఖాళీ కావడం, యుద్ధం, ప్రభుత్వ మార్పు, భూమి చేతికి రాకపోవడం. ఒక్కరి పట్టుదల మీదో ఒక్క ఖజానా మీదో నడిచిన పనులే ఎక్కువగా ఆగాయి. వాటిని తర్వాత పూర్తి చేసిన చోట ఖర్చు తరచు నలుగురి మీద పంచుకున్నదై ఉంటుంది.

ప్రాచీన, మధ్య యుగాలు

అజంతా 24వ గుహలో చెక్కుడు సగంలో ఆగింది. శిల్పులు కొండను ఎలా తొలిచేవారో తెలుసుకోవడానికి పరిశోధకులకు ఇలాంటి గుహలే ఆధారం. మహాబలిపురంలోనూ పూర్తికాని రథాలున్నాయి. మధ్యప్రదేశ్‌లోని భోజపురంలో 11వ శతాబ్దపు పరమార రాజు భోజుడు తలపెట్టిన శివాలయానికి శిఖరం లేదు. చుట్టుపక్కల బండల మీద ఆ గుడికి గీసుకున్న నమూనా గీతలు, బరువైన రాళ్లను పైకి చేర్చడానికి పోసిన మట్టి వాలు మాత్రం నిలిచాయి. ఢిల్లీలో కుతుబ్ మినార్‌ను మించిన ఎత్తుతో అలావుద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టిన అలాయ్ మినార్, 1316లో ఆయన మరణంతో మొదటి అంతస్తు దగ్గరే నిలిచిపోయింది.

విజయనగర, నాయక రాజుల కాలం

దక్షిణాదిలో సగంలో నిలిచిన కట్టడాలు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఈ కాలంలోనే. దీనికి గోపుర నిర్మాణ పద్ధతే చాలావరకు కారణం. గోపురానికి అడుగుభాగం రాయి, పైన ఇటుక, సున్నం, మధ్యలో కర్ర దూలాలు. అడుగున వాడే రాతిని క్వారీలో తీసి, బండ్ల మీద తెచ్చి, నిలబెట్టి, చెక్కేసరికి ఖర్చు, శ్రమ చాలావరకు అక్కడే అయిపోయేవి. ఇంకో సంగతి కూడా ఉంది. రాతి ద్వారం నిలబడితే చాలు, దేవుడి ఊరేగింపు దాని కింద సాగిపోతుంది. పైఅంతస్తులు లేకపోయినా గుడి నడకకు లోటు రాదు. దాత పోయాక పూర్తి చేయాలన్న తొందర ఎవరికీ ఉండేది కాదు. తమిళదేశంలో ఇలాంటి వాటిని మొట్టై గోపురాలంటారు.

అనంతపురం జిల్లా తాడిపత్రిలో పెన్న ఒడ్డునున్న బుగ్గ రామలింగేశ్వరాలయం ఈ స్థితిని దగ్గరగా చూపిస్తుంది. దాని రెండు గోపురాలకూ పైభాగం లేదు. ఉన్న రాతి భాగంలో మాత్రం చదునుగా వదిలిన జానెడు చోటు వెతికినా దొరకదు. లతలు, దేవతామూర్తులు, చిన్న చిన్న మంటపాలు ఒకదాని మీద ఒకటిగా అంచు దాకా చెక్కి ఉన్నాయి. ఆ అంచు దగ్గర పని ఉన్నట్టుండి ఆగిపోతుంది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో లేచిన ఈ కట్టడం ఆంధ్ర శిల్పుల చేతిపనికి అత్యుత్తమ నిదర్శనాల్లో ఒకటి.

లేపాక్షి వీరభద్రాలయంలోని కల్యాణ మంటపం కూడా కప్పులేని స్తంభాల దగ్గరే ఆగింది. దీని వెనక స్థానికంగా ఒక కథ చెబుతారు. అచ్యుతరాయల కోశాధికారి విరుపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి వెచ్చించాడని, శిక్ష పడకముందే తన కళ్లు తానే తీసి గోడకేసి కొట్టాడని ఆ కథ. గోడ మీది ఎర్రమరకలను ఇప్పటికీ చూపిస్తారు. కథ నిజానిజాలెలా ఉన్నా ఒక సంగతి గమనించదగింది. ఈ పని ఆగడానికి జనం చెప్పుకున్న కారణం దైవకోపం కాదు, శత్రువుల దాడీ కాదు, మంజూరు లేని ఖర్చు.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం పాడుపడింది. పెద్ద పనులకు ఆధారమైన ఖజానా పోవడంతో గోపురాల భారం దక్షిణాది నాయక రాజుల మీద పడింది. మదురైలో తిరుమల నాయకుడు (1623–1659) తలపెట్టిన రాయగోపురం పూర్తయి ఉంటే ఆ ఊళ్లోని మిగతా గోపురాలన్నిటినీ మించేది. యాభై అడుగులు దాటిన ఏకశిలా ద్వారస్తంభాలు మాత్రం లేచాయి. నేడు ఆ స్తంభాల చుట్టూ అంగళ్లు ఉన్నాయి.

శ్రీరంగం దక్షిణ రాజగోపురం వీటిలో విశేషమైనది. అచ్యుతరాయల కాలంలో (1529–1542) రాతి అడుగు లేచి ఆగిపోయింది. నాలుగు శతాబ్దాలకు పైగా అది అలాగే ఉంది. కర్నూలు సీమలోని అహోబిలం పేరు మోసే మఠానికి 44వ జీయరు, అప్పటికే వృద్ధులు, దాన్ని పూర్తి చేయడానికి పూనుకున్నారు. 1979లో మొదలైన పని 1987 మార్చి 25న కుంభాభిషేకంతో ముగిసింది. పదమూడు అంతస్తుల ఆ గోపురం ఎత్తు 236 అడుగులు. పాత రాతి మీద అంత బరువు నిలుస్తుందా అన్న ప్రశ్నను ఇంజనీర్లు ముందే తేల్చుకున్నారు. ఖర్చును దాతలు అంతస్తుల వారీగా పంచుకున్నారు, ఒక అంతస్తును సంగీత దర్శకుడు ఇళయరాజా భరించారు. ఎనిమిదేళ్లలో ఇంత పని ముగియడం మెచ్చదగిన విషయం.

ఒక్కరే తలపెట్టి ఒక్కరే ముగించినవీ లేకపోలేదు. మంగళగిరిలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807–09 మధ్య పదకొండు అంతస్తుల గోపురాన్ని పూర్తి చేయించాడు.

హైదరాబాదులో కుతుబ్‌షాహీలు 1617 ప్రాంతంలో మొదలుపెట్టిన మక్కా మసీదును, గోల్కొండను గెలిచిన ఔరంగజేబు 1694లో ముగించాడు. బీజాపూరులో రెండో అలీ ఆదిల్‌షా సమాధి 1672లో ఆయన మరణంతో కమానుల దశలోనే నిలిచింది. దాన్నే బారా కమాన్ అంటారు.

కర్నూలు–కడప కాలువ

ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసిన 1858లోనే లండనులో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. తుంగభద్ర నీటిని నిల్వచేసి రాయలసీమ మీదుగా నెల్లూరు తీరం దాకా కాలువలు తవ్వి, సేద్యానికీ పడవల రాకపోకలకూ వాడాలన్న సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన దీనికి మూలం. 1857 తిరుగుబాటు తర్వాత ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. అందుకే కంపెనీ వాటాదారుల సొమ్ము తెస్తే, పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. పని బాగా జరిగినా జరగకపోయినా వడ్డీ అందుతుంది కాబట్టి ఖర్చు మీద వాటాదారుల కన్ను లేకపోయింది.

కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ల కాలువ తవ్వారు. రాతి నేలలు, వాగుల మీద కట్టాల్సిన అక్విడక్టులు అంచనాలను దాటించాయి. హామీ ఉన్న సొమ్ము కాలువ పూర్తికాకముందే అయిపోవడంతో ప్రభుత్వమే మళ్లీ అప్పు ఇచ్చింది. 1871 నాటికి కాలువ పూర్తయింది. హోస్పేట దగ్గరి జలాశయం, తీరం దాకా పొడిగింపు కాగితం మీదే ఉండిపోయాయి.

నీరు వచ్చాక రైతులు తీసుకోలేదు. కాలువ కింది నేల చాలావరకు నల్లరేగడి, పైర్లు జొన్న, పత్తి. వాన పడిన ఏడు ఆ పైర్లకు కాలువ నీరు అక్కర్లేదు, తడి ఎక్కువైతే చేటు కూడా. మాగాణి చేయాలంటే పొలం చదును చేయాలి, పశువులు కావాలి, పన్ను కట్టాలి. వీటిలో దేనికీ కంపెనీ లెక్కల్లో చోటు లేదు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు కాటన్ తన వాదన వినిపించాడు. ఆయన నీటి లెక్కలు తప్పు కావనీ, రైతు లెక్క మాత్రం ఎవరూ వేయలేదనీ నేటి పాఠకుడికి తోచక మానదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది, కంపెనీ కథ ముగిసింది.

కంపెనీ వదిలేసిన జలాశయం ఆలోచన మాత్రం చావలేదు. హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాలు ఖర్చు పంచుకుని 1945లో తుంగభద్ర డ్యామ్ పని మొదలుపెట్టాయి, 1953లో నీరు వదిలారు. కర్నూలు–కడప కాలువ ఇప్పటికీ పారుతోంది. రాయలసీమ రైతులు దాన్ని కేసీ కెనాల్ అంటారు.

ఇతర దేశాలు

జర్మనీలో కొలోన్ చర్చి పని 1248లో మొదలై 16వ శతాబ్దంలో ఆగింది. రాళ్లు ఎత్తే కర్ర క్రేన్ సగం లేచిన శిఖరం మీదే శతాబ్దాల పాటు ఉండిపోయింది. 1842లో పౌరుల సంఘం చందాలతో, ప్రష్యా ప్రభుత్వ సాయంతో పని తిరిగి మొదలై 1880లో పూర్తయింది. ఇటలీలోని సియెనా 1339లో తన చర్చిని విస్తరించ తలపెట్టింది. 1348 నాటి ప్లేగు ఊరిని ఖాళీ చేయడంతో పని ఆగింది. ఎడిన్‌బరో జాతీయ స్మారకానికి 42,000 పౌండ్ల చందాలు కోరితే సుమారు 16,000 వచ్చాయి. 1829లో పన్నెండు స్తంభాల దగ్గర పని నిలిచింది.

వాషింగ్టన్ స్మారకం 1848లో మొదలై 1854లో రాజకీయ తగాదా, డబ్బు కరువుతో ఆగి, 1884లో ముగిసింది. రెండు విడతల పాలరాయి రంగు తేడా నేటికీ కనబడుతుంది. మాస్కోలో 1931లో పెద్ద చర్చిని కూల్చి సోవియట్ సౌధం పునాదులు వేశారు. యుద్ధకాలంలో అక్కడ వాడిన ఉక్కును ఊడదీసి వాడుకున్నారు. ఆ చోట మొదట ఈతకొలను, తర్వాత మళ్లీ చర్చి వెలిశాయి.

స్వాతంత్ర్యానంతర కాలం

ఆగిన సాగునీటి పనులను ముగించడానికి భారత ప్రభుత్వం 1996–97లో సత్వర సాగునీటి ప్రయోజన పథకాన్ని (ఏఐబీపీ) తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 తర్వాతి జలయజ్ఞం సాగునీటి పనుల మీద కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఇచ్చిన నివేదిక, భూసేకరణ, అటవీ అనుమతులు పూర్తికాకముందే పనులు అప్పగించారని తప్పుపట్టింది. చిన్న భవనాల సంగతి దీనికి దగ్గరదే. పరిపాలనా అనుమతి వస్తుంది, శంకుస్థాపన జరుగుతుంది, బేస్‌మెంట్, పిల్లర్లు లేస్తాయి. తర్వాతి బిల్లు రాకపోతే కాంట్రాక్టరు మనుషులను ఇంకో సైటుకు తీసుకెళ్తాడు. పిల్లర్ల నెత్తిన వదిలిన ఊచలు తుప్పుపట్టేసరికి రేట్లు పెరుగుతాయి. పాత అంచనాతో ఎవరూ ముందుకు రారు.

ఘనా స్థానిక సంస్థల పనులు పద్నాలుగు వేలకు పైగా పరిశీలించి మార్టిన్ విలియమ్స్ 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. మొదలైనవాటిలో సుమారు మూడోవంతు పూర్తికావని, పెట్టుబడి ఖర్చులో ఐదోవంతు దాకా వాటికే పోతుందని ఆయన లెక్క తేల్చారు. అవినీతి ఒక్కటే దీనికి కారణం కాదని, ప్రతి ఏడూ తన ప్రాంతంలో కొత్త పని మొదలవ్వాలని సభ్యులందరూ పట్టుబట్టడంతో పాతవాటికి డబ్బు మిగలదని ఆయన నిర్ధారణ.

అమరావతి

ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం కృష్ణ ఒడ్డున రైతులు 33,000 ఎకరాలకు పైగా భూసమీకరణ కింద అప్పగించారు. బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు, పదేళ్ల పాటు ఏటా కౌలు (మెట్టకు ఎకరాకు 30,000 రూపాయలు, నీటి వసతి ఉన్న జరీబుకు 50,000తో మొదలు) ఒప్పుకున్నారు. ప్రధాని నరేంద్ర మోదీ 2015 అక్టోబరు 22న శంకుస్థాపన చేశారు. 2019లో ప్రభుత్వం మారి, ఆ డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రావడంతో పనులు నిలిచాయి. రైతులు, ముఖ్యంగా మహిళలు, ఏళ్ల తరబడి దీక్షలు సాగించారు. 2022 మార్చి 3న హైకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. నిర్ణీత గడువులో పనులు ముగించాలన్న భాగంపై ఆ నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

2024లో మళ్లీ ప్రభుత్వం మారాక, సచివాలయం, హైకోర్టు పునాదుల్లో నిలిచిన నీటిని తోడించారు. అంతకాలం నీటిలో ఉన్న కాంక్రీటు, ఉక్కు పనికొస్తాయో లేదో పరీక్షించే బాధ్యత మద్రాసు ఐఐటీ నిపుణులకు, అధికారుల, శాసనసభ్యుల నివాసాల పరిశీలన హైదరాబాదు ఐఐటీకి అప్పగించారు. 2025 మే 2న ప్రధాని పనులను పునఃప్రారంభించారు.