నాచ్ శబ్దము - అర్థపరిణామము

సర్వసిద్ధి రాయవరము గురజాడ అప్పారావుగారి జన్మస్థానము (1862). ఆయన కన్యాశుల్కమునఁ గథకు ముడి విప్పునది మధురవాణి యను వేశ్య. వేశ్యల మొగము చూడనొల్లని సౌజన్యారావు పంతులు 'యాంటీ నాచ్' పక్షమువాఁడు. ఈ సమాసమందలి యుత్తరపదము ఇంగ్లీషు నిఘంటువులఁ జేరినను బుట్టుకచే నాంగ్లము గాదు.

దివాదిగణమున నృతీధాతువునకు గాత్రవిక్షేప మర్థము. ఋకారోపధ మగుటచేఁ గ్యప్ప్రత్యయము వచ్చి నృత్యశబ్ద మేర్పడును. ప్రాకృతమున ఋకారమున కకారమును, త్యకారమునకుఁ జ్చకారమును వచ్చి ణచ్చ మయ్యెను. పిదప ద్విత్వము తొలఁగి పూర్వాచ్చు దీర్ఘించి హిందీలో నాచ్ అయినది. కర్మ, కమ్మ, కామ్ అను వరుస యిట్టిదే. చెఱువులలోని నాచునకు దీనితో సంబంధము లేదు.

యూల్, బర్నెల్ అను పండితులు 1886 లోఁ బ్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువున నీ వ్యుత్పత్తినే చెప్పి, బ్రౌనింగు కవి ప్రయోగమును దప్పుపట్టిరి. ఆయన యొక నర్తకినే 'నాచ్' అనెను. క్రియావాచకమును గర్తృవాచకముగా వాడుట యిది. ఆ తప్పు కవి యొక్కనిది మాత్రమే కాదు. పెండ్లిండ్లలో మేజువాణి పెట్టించు గృహస్థులకును, దానిని మాన్పింపఁబూనిన సంస్కర్తలకును గూడ ఆటయు, ఆడునదియు నొకటే యయ్యెను.

ధనంజయుఁడు దశరూపకమున భావాశ్రయమగు నృత్యమును, దాళలయాశ్రయమగు నృత్తమును వేఱుచేసెను. నాచ్ శబ్దమున నీ భేదము నిలువలేదు. తెలుఁగుదేశపు కలావంతులు పదములకుఁ బట్టిన యభినయమును, విందునడుమ వేసిన చిందును దొరల కొక్కమాటలోఁ జేరెను.

1893 లో మదరాసు సంస్కర్తలు మేళము లుండు సభలకుఁ బోవలదని రాజప్రతినిధిని, గవర్నరును బ్రార్థించిరి, వారు సమ్మతింపలేదు. వీరేశలింగము పంతులుగా రీ యుద్యమమును రాజమహేంద్రవరమున నడపిరి. స్త్రీలను వేశ్యావృత్తికిఁ గట్టివేయు నాచారమును ఖండించుట న్యాయమే. కాని నృత్యము దోషమా, ఆ స్త్రీల స్థితి దోషమా యను ప్రశ్నకు నాచ్ అను మాట చోటీయదు. 1947 నాఁటి మదరాసు శాసనము దేవదాసీ సమర్పణమును నిషేధించుటతోడనే దేవాలయములలోను, ఊరేగింపులలోను స్త్రీల నర్తనమును గూడ నిషేధించెను.

కన్యాశుల్కపు తొలిముద్రణము 1897 నాఁటిది. 1909 నాఁటి రెండవ ముద్రణమున మధురవాణిపాత్ర మిక్కిలి విస్తరించెను. అందుఁ దుదిరంగమున నామె పురుషవేషముతో సౌజన్యారావునింటికి వచ్చును. ఎదుటనున్నది వేశ్య యని యెఱుఁగక యతఁ డామె మాటలు శ్రద్ధతో వినును, వాదించును, లుబ్ధావధానుల వ్యాజ్యమునకు వలయు సాయము నామెవలననే పొందును. వేషము తొలఁగినపిమ్మట నతఁడు చిక్కున పడును. అంతవఱకు నతని యెదుట నున్నది నాచ్ కాదు.