జెండా మీది ముఖం

తిరుమల బ్రహ్మోత్సవాలకు తొలి కబురు ఒక బొమ్మే. కొత్త వస్త్రం మీద గరుత్మంతుణ్ణి చిత్రించి, నూలుతో పేనిన కొడితాడుతో ధ్వజస్తంభం మీదికి ఎక్కిస్తారు. అదే గరుడధ్వజపటం. ముక్కోటి దేవతలనూ ఉత్సవానికి పిలిచే పని గరుడుడిది. శివాలయాల్లో ఆ చోటు నందిది. కురుక్షేత్రంలోనూ రథం ఎవరిదో దూరం నుంచి తెలిసింది జెండా బొమ్మతోనే: అర్జునుడికి కపి, దుర్యోధనుడికి పాము, భీష్ముడికి తాటిచెట్టు.

జెండా గుడ్డ మీద జనం మెచ్చిన ముఖాలు గీసే చిత్రకారుల గురించి వింటే మనవాళ్లు అదేదో అమెరికా వింత అనుకుంటారు. పలమనేరు పక్కనున్న గంగవరం నుంచి చూస్తే ఆ వింత మన ముంగిట్లోనే ఉంది. ఈశాన్యంగా వెళ్తే శ్రీకాళహస్తి, పడమటికి వెళ్తే కన్నడ సరిహద్దు.

కాళహస్తి కలంకారీ పనిని దగ్గరుండి చూడాలి. ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును అటూ ఇటూ పాకనివ్వదు. చింతబొగ్గుతో రూపం గీసుకుని, వెదురు పుల్లకు ఉన్ని చుట్టి కట్టిన కలంతో గీతలు దిద్దుతారు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో పులియబెడితే వచ్చిన ద్రవం, గుడ్డలోని కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్లు పూసి, తర్వాత రంగు వేర్లతో ఉడికిస్తారు. దేవుళ్లకు నీలం, స్త్రీమూర్తులకు పసుపు. ఏ రంగు వేసినా మళ్లీ పారే నీళ్లలో ఉతకాల్సిందే. స్వర్ణముఖి ఒడ్డున ఈ కళ నిలదొక్కుకోవడానికి ఆ నీళ్లూ ఒక కారణం.

జెండాకు ఈ పద్ధతి అమరినట్టు మరొకటి అమరదని నా నమ్మకం. తైలవర్ణం గుడ్డ పైన పొరలా నిలిచి మడత పెడితే పగులుతుంది. కలంకారీ రంగు దారంలోకి ఇంకిపోతుంది, గాలికి రెపరెపలాడినా రాలదు. ఏళ్లు గడిచాక ఇనుము కలిసిన నల్లగీత దగ్గరే గుడ్డ ముందుగా చివుకుతుందన్నదీ నిజమే.

గుడికి తెరలూ రథాలకు అలంకారాలూ గీసిన ఈ కళ ఇరవయ్యో శతాబ్దం నడుమకు దాదాపు ఆగిపోయింది. 1950ల చివర కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో శిక్షణ కేంద్రం వచ్చింది. కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ లక్ష్మయ్య కుమారుడు, తానూ కలం పట్టిన గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది. రాముడూ కృష్ణుడూ హరికథల్లో, తోలుబొమ్మల్లో, వీధినాటకాల్లో పల్లెపల్లెకూ తెలిసిన కథానాయకులు. ఆ కాలపు జనాదరణ వాళ్లది. కలం వాళ్లనే గీసింది.

దేశపు జెండా సంగతి వేరు. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి నమూనా అందించిననాటి నుంచి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ త్రివర్ణాన్ని ఆమోదించేదాకా రాట్నమో చక్రమో తప్ప ఏ మనిషి ముఖమూ అందులోకి రాలేదు. దాని మీద ఏ రాతా ఉండకూడదని 2002 జెండా నియమావళి కట్టడి చేసింది. అది సబబే. అమెరికాలో మాత్రం దేశపు జెండా మీదికీ మనుషులు వచ్చారు. గుడ్డ మీద కథలు కుట్టిన చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ 1967లోనే జెండా చారల వెనక మనుషులను నిలిపింది. 1970లో న్యూయార్క్ చర్చిలో జరిపిన జెండా ప్రదర్శనకు అరెస్టై జరిమానాకు గురైంది.

మన సరిహద్దు దాటితే ఎరుపు పసుపుల కన్నడ జెండా మీద 2021లో కన్నుమూసిన సినీ నటుడు పునీత్ రాజ్‌కుమార్ నవ్వు కనిపిస్తుంది. అభిమానులు బండ్లకు కట్టుకుని తిరుగుతారు. ఆ ప్రేమ నిజమైనది. దాన్ని మోసే గుడ్డ మాత్రం యంత్రం అచ్చువేసిన పలుచని పాలియెస్టర్. ఇటు మన ఊళ్లలో హీరోలకూ నాయకులకూ ఫ్లెక్సీలే. గుడ్డ మీద చేత్తో బ్యానర్లు రాసిన చిత్రకారుల బతుకుతెరువును అవే మింగేశాయి.

కుప్పం, పుంగనూరు గంగజాతరలకు తోరణాలు కట్టించేవాళ్లు ఈసారి ఒక్క జెండానైనా కాళహస్తిలో వేయించాలి. దాని మీద అమ్మవారు ఉంటారా, ఊరు మెచ్చిన నటుడు ఉంటాడా అన్నది వాళ్లిష్టం. పాలలో గుడ్డ నానడం మొదలు చివరి ఉతుకు వరకూ చాలా రోజుల పని కాబట్టి, కబురు మాత్రం జాతరకు బాగా ముందే అందాలి.