ఆంగ్లమున ద్విరుక్త తారతమ్యము

ఆంగ్లభాషలో విశేషణమునకు ఆధిక్యమును దెలుపు 'ఎర్', 'ఎస్ట్' ప్రత్యయములలో నొకదానిని జేర్చి, అంతటితో తృప్తి చెందక దానికి ముందు 'మోర్', 'మోస్ట్' అను పదములలో నొకదానిని గూడ నిలుపుట ద్విరుక్త తారతమ్యము. 'మోర్ బెటర్' అని వ్రాసిన నేటి విద్యార్థికి ఎఱ్ఱసిరా గీత తప్పదు గాని, నాలుగువందల యేండ్లకు పూర్వము లండన్ రంగస్థలముపై నట్టి పలుకుబడి యెవరికిని తప్పుగా దోచలేదు.

ప్రాచీనాంగ్లమున తారతమ్యము ప్రత్యయములచేతనే తెలియుచుండెను. 13వ శతాబ్దము మొదలుకొని 'మోర్', 'మోస్ట్' పదముల రీతియు వ్యాపింపగా, రెండు పద్ధతులును సరిసమానముగా నడచిన కాలమున నవి యొకే మాటపై గలసికొనుట వింత గాదు. 'జూలియస్ సీజర్' నాటకమున ఆంటొనీ, హతుడైన సీజరు వస్త్రమందలి కత్తిపోటుల చినుగులను జనులకు జూపుచు, బ్రూటసు పోటును గూర్చి 'అన్‌కైండెస్ట్' అని యూరకొనక ముందొక 'మోస్ట్'ను దగిలించెను. ఆ యుద్వేగమునకు ఒంటి ప్రత్యయము చాలదు. 1611 నాటి బైబిలు అనువాదమున పౌలు తన మతశాఖ నియమనిష్ఠను జెప్పుకొనుచు 'మోస్ట్ స్ట్రెయిటెస్ట్' అనెను. నాటకకర్త బెన్ జాన్సన్ మరణానంతరము 1640లో వెలువడిన ఆయన వ్యాకరణము దీనిని ప్రాచీన గ్రీకుల వాగ్వైభవమునకు దీటైన సొగసుగా గొనియాడుచు, ఆ గ్రీకులనే 'మోస్ట్ ఏన్షెంటెస్ట్' అని పేర్కొన్నది!

తరువాతి తరమువారి చెవి వేఱు. 1672లో కవి డ్రైడెను, ఆ జాన్సను నాటకములోని 'మోర్ స్ట్రిక్టర్' అను ప్రయోగమును మోటుతనమని యీసడించి, అది యానాటి వాడుక గనుక క్షమింపవచ్చుననెను. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణమున నిట్టి రూపములను దోషములుగా ద్రోసివేసెను. మతాచార్యుడగుటచేతనో యేమో, కీర్తనల గ్రంథమందలి 'మోస్ట్ హైయెస్ట్'ను మాత్రము, పరమేశ్వరుడు అత్యున్నతునికంటెను ఉన్నతుడు గావున, మిక్కిలి యుచితమని సమర్థించెను. సంస్కృతజ్ఞులకు ఈ వాదము క్రొత్త గాదు: 'శ్రేష్ఠ' శబ్దము ఇష్ఠన్ ప్రత్యయముచేతనే పరమాధిక్యమును దెలుపుచుండగా, దానిపై తమప్ చేరిన 'శ్రేష్ఠతమ' రూపము యజుర్వేదముననే యున్నది.

నేడు అమెరికా దక్షిణ ప్రాంతములందును, అప్పలాచియన్ కొండసీమలందును వాడుకభాషలో నీ ప్రయోగములు వినబడుచునే యున్నవి. శిష్టభాషయు వీనిని పూర్తిగా విడువలేదు. తానే తారతమ్యరూపమైన 'లెస్'పై మరల 'ఎర్' చేరిన 'లెస్సర్'ను 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు అనాగరిక వికారమని నిందించినను అది నిలిచినది. 'నియర్' యనునది మొదట 'నై' అను పదమునకు ఆధిక్యరూపమే. ఆ సంగతి మఱుగుపడుటచే దానిపై మరల 'ఎర్' చేరి 'నియరర్' ఏర్పడినది.